కారణం తెలిసినంత మాత్రాన జబ్బు కాకుండా పోదు

“కష్టాలున్నోళ్లకి బెంగుండదేటి? దానికి దాక్టరేటి సేస్తాడు?” అచ్యుతాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లో కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. ఇంట్లో అత్తగారు అంటుంది. టీ కొట్టు దగ్గర తోటి కార్మికుడు అంటాడు. సభలో నాయకుడు ఇదే మాటకి కాస్త సిద్ధాంతం జోడించి చెబుతాడు. భూమి పోయినవాడికి దిగులుంటుంది, అప్పులున్నవాడికి నిద్ర పట్టదు, తాగి కొట్టే మొగుడున్న ఆడదానికి ఏడుపొస్తుంది, పేలుడు చూసినవాడికి భయమేస్తుంది. ఇవన్నీ బతుకు సమస్యలు, జబ్బులు కావు. సమస్య తీరితే బాధా తీరుతుంది, సమస్య తీరకుండా ఏ మందూ బాధను తీర్చలేదు. ఇదీ ఈ వాదన సారం.

“మనసు గట్టిగా ఉంచుకోవాలి, చేతకానివాళ్లకే ఇవన్నీ” అనే పాత మాట కంటే ఈ మాట మర్యాదగా ఉంటుంది. బాధపడేవాణ్ణి తప్పుపట్టదు, అతని పరిస్థితిని తప్పుపడుతుంది. అందుకే చదువుకున్నవాళ్లూ, సాటి మనిషి మీద నిజంగా జాలి ఉన్నవాళ్లూ దీన్ని సులువుగా నమ్ముతారు. నేను ఖండించదలచుకున్నది దీన్నే. బాధకు బయట కారణాలున్నాయన్నంత వరకూ ఇది నిజమే చెబుతోంది. కారణం కనబడుతోంది కాబట్టి అది జబ్బు కాదు, వైద్యం అక్కర్లేదు అన్న దగ్గర తప్పుతోంది. ఆ తప్పు మాటకి మర్యాద ముసుగు ఉండటం వల్ల దాన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. ఈలోగా వైద్యంతో బాగుపడగలిగిన మనుషులు ఏళ్ల తరబడి బాధపడుతున్నారు. కొందరు ప్రాణాలే తీసుకుంటున్నారు.

ఈ ప్రాంతంలో కారణాలకు కొదవ లేదన్నది నిజం. ఒకప్పుడు ఉమ్మడి విశాఖ జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ మండలంలో ప్రత్యేక ఆర్థిక మండలి కోసం వేల ఎకరాలు సేకరించారు. జీడితోటలూ, కొబ్బరిచెట్లూ, పొలాలూ ఉన్నచోట రియాక్టర్లూ కుట్టుమిషన్ల షెడ్లూ లేచాయి. పొలం గట్టు తప్ప వేరే లోకం తెలియని రైతు పునరావాస కాలనీలో గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. చుట్టుపక్కల మండలాల ఊళ్ల నుంచి వేల మంది ఆడపిల్లలు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, టార్గెట్ల మధ్య కుట్టుపని చేసి, ఇంటికొచ్చి మళ్లీ వంటా, నీళ్లూ, పిల్లల పనిలో పడుతున్నారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై పన్నెండు మంది చనిపోయారు. 2022 జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న అచ్యుతాపురం దుస్తుల పార్కులో విషవాయువు పీల్చి వందల మంది ఆడకూతుళ్లు వాంతులతో, ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మాలో మధ్యాహ్నం వేళ జరిగిన పేలుడు 17 మందిని బలి తీసుకుంది. ఇన్ని చూసినచోట మనుషులు దిగులుపడకుండా ఎలా ఉంటారని అడగడం సబబే. దిగులు సహజమైనది కాబట్టి దాన్ని అలా వదిలెయ్యమనడం మాత్రం సబబు కాదు.

దుఃఖానికీ జబ్బుకీ మధ్య గీత లేదని అనేవాళ్లు ముందు ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవాలి. మనిషి పోతే ఏడుస్తాం. ఏడుపు మధ్యలో మనవడు వచ్చి ఒళ్లో కూర్చుంటే ఒక క్షణం నవ్వు వస్తుంది. కర్మకాండకి వచ్చినవాళ్లకి భోజనాలు అందాయా అని చూస్తాం. వారాలు గడిచేకొద్దీ పనిలో పడతాం. దుఃఖం ఉంటుంది, దాంతోపాటు మనిషీ ఉంటాడు. కుంగుబాటులో అలా కాదు. దిగులు గానీ, దేనిమీదా మనసు పోకపోవడం గానీ రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు దాటి ఉంటుంది. దాంతో నిద్ర చెడుతుంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఆకలి పోతుంది, లేదా అదుపు తప్పుతుంది. ఏ పనీ చెయ్యకుండానే అలసట. చెప్పింది చెవికెక్కదు. కదలికలు మందగిస్తాయి, లేదా కాలు ఒకచోట నిలవదు. నేనెందుకూ పనికిరాను, నా వల్లే ఇంటికి అరిష్టం అన్న ఆలోచన. చివరికి చావు గురించిన ఆలోచన. ప్రపంచమంతటా డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టీ ఒకటుంది, అది అడిగేది వీటి గురించే. అడగడానికి పది నిమిషాలు పట్టదు, రక్తపరీక్ష అక్కర్లేదు, ఖర్చు లేదు.

కుంగుబాటు ఒక్కటే కాదు. ఏ ప్రమాదమూ లేని వేళ ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరి ఆగిపోతుందనిపించి, ఇదే ఆఖరి ఘడియ అనుకుని అత్యవసర విభాగానికి పరుగెత్తే మనిషిది పానిక్ రుగ్మత కావచ్చు. ఈసీజీ బాగానే ఉంటుంది, “నీకేం లేదు పో” అంటారు. మళ్లీ అదే వస్తుందన్న భయంతో అతను బస్సెక్కడం మానేస్తాడు, తర్వాత డ్యూటీ మానేస్తాడు. పేలుడు చూసినవాళ్లలో కొందరికి నెల దాటినా అదే దృశ్యం కళ్లముందు ఆడుతుంది, కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడతారు, ఫ్యాక్టరీ వైపు దారి మానేస్తారు. వాసన వస్తోందేమోనని రాత్రుళ్లు పదేపదే లేచి తలుపులు, గ్యాస్ పొయ్యి చూసుకుంటూ గంటలు గడిపేవాళ్లున్నారు. అన్నిటికీ “కారణం ఉందిగా” అనే ఒకే జవాబు చెప్పేవాళ్లు ఈ తేడాలు చూడరు. తేడా తెలియకపోతే వైద్యం తెలియదు, ఎందుకంటే ఒక్కోదానికి వైద్యం ఒక్కో రకం.

ఇక్కడి మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లి “నాకు దిగులుగా ఉంది” అనడు. ఒళ్లు నొప్పులంటాడు, తల తిరుగుడంటాడు, గుండెల్లో మంటంటాడు, నీరసమంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి, బలానికి ఇంజెక్షన్ ఇచ్చి, గ్యాస్ మాత్ర రాస్తాడు. తగ్గకపోతే అనకాపల్లి, అక్కడా తగ్గకపోతే విశాఖలో స్కానింగ్. ఇంట్లో ఇంకో వైపు దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం, ఆడపిల్లయితే పెళ్లి చేసేస్తే కుదుటపడుతుందని తొందరపడటం. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఒంటి పరీక్ష తప్పనిసరే. ఆ పరీక్షల్లో ఏమీ తేలకపోతే తర్వాత అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగరు. మనసుకి వైద్యం వద్దన్న ఇల్లు ఒంటికి అక్కర్లేని వైద్యం కోసం అప్పు చేస్తోంది. “డాక్టర్ ఏం చేస్తాడు” అని అడిగే పెద్దలు ఆ డబ్బు ఎటు పోయిందో కూడా అడగాలి.

ఇక అసలు తర్కానికి వద్దాం. ఎసెన్షియా పేలుడులో కాలిన మనుషుల్ని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, “ఈ గాయానికి కారణం ఫ్యాక్టరీలో ఉంది, కాబట్టి ఇది వైద్యుడి పని కాదు, ఫ్యాక్టరీ బాగుపడితే చర్మం దానంతటదే వస్తుంది” అని ఒక్కరైనా అన్నారా? అనరు. అంటే అమానుషమని అందరికీ తెలుసు. కారణం బయట ఉన్నా గాయం ఒంట్లో ఉంటుంది, గాయానికి దాని సొంత నడక ఉంటుంది, కట్టు కట్టకపోతే చీము పడుతుంది. మనసు విషయంలో మాత్రం ఇదే మాట జాలిగా, తెలివిగా వినబడటం మన అలవాటు తప్ప మరేం కాదు.

కుంగుబాటుకీ సొంత నడక ఉంది. నిద్ర పోతే మర్నాడు ఒంట్లో సత్తువ ఉండదు. సత్తువ లేక మనిషి నలుగురిలోకి వెళ్లడం మానేస్తాడు. నలుగురు లేకపోతే మనసు తేలికపడే సందర్భాలు పోతాయి, ఉన్న ఆలోచనలే తిరిగి తిరిగి వస్తాయి, నిద్ర ఇంకా పోతుంది. లైన్‌లో పొరపాట్లు చేస్తాడు, సూపర్‌వైజర్ చేత మాటలు పడతాడు, డ్యూటీకి నాగాలు పెడతాడు, జీతం తెగుతుంది, అప్పు పెరుగుతుంది. కష్టం జబ్బును తెచ్చింది, ఇప్పుడు జబ్బు కష్టాన్ని పెంచుతోంది. మొదట్లో దిగులు పుట్టించిన అప్పు తీరినా ఈ చక్రం తిరుగుతూనే ఉండవచ్చు. పరిహారం చెక్కు చేతికొచ్చాక కూడా మంచం దిగని మనిషిని చూసి ఊరు ఆశ్చర్యపోతుంది, “ఇంకేం కావాలి వీడికి” అంటుంది. అతనికి కావలసింది వైద్యం. అది మొదటినుంచీ కావలసినదే.

ఒకే కష్టంలో ఉన్నవాళ్లందరూ జబ్బుపడరన్న సంగతి కూడా ఈ వాదనకి అంతుపట్టదు. ఒకే కాలనీలో, ఒకే షెడ్డులో, ఒకే రకం అప్పుతో ఉన్న పదిమందిలో ఇద్దరో ముగ్గురో మంచం పడతారు. కష్టమే మొత్తం కారణమైతే పదిమందీ పడాలి. లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో ఆడవాళ్ల కుంగుబాటును అధ్యయనం చేసి జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో ఒక పుస్తకం ప్రచురించారు. జీవితంలో తగిలిన పెద్ద దెబ్బలు కుంగుబాటుకి దారితీస్తున్నాయని వాళ్లు గట్టిగా చూపించారు. మన దగ్గర ఈ వాదన చేసేవాళ్లు ఇంతవరకే వింటారు. చిన్నతనంలో తల్లిని పోగొట్టుకోవడం, చుట్టూ చిన్నపిల్లల చాకిరీ, మనసు విప్పి చెప్పుకునే ఒక్క మనిషీ లేకపోవడం లాంటివి తోడైన ఆడవాళ్లే ఎక్కువగా పడిపోతున్నారని కూడా వాళ్లే చూపించారు. వంశపారంపర్యం పాత్ర కూడా ఉందని ఇతర పరిశోధనలు చెప్పాయి. బయటి దెబ్బ, లోపలి పొందిక, చుట్టూ ఉన్న ఆసరా కలిస్తే జబ్బు. వాటిలో దెబ్బ ఒక్కటే కనబడుతుంది కాబట్టి మిగతావి లేవనుకోకూడదు.

ఒకప్పుడు వైద్యులే ఈ పొరపాటు చేశారని చెప్పుకోవాలి. బయటి కారణం వల్ల వచ్చిన కుంగుబాటు, లోపలినుంచి దానంతటదే పుట్టిన కుంగుబాటు అని రెండుగా విడదీసి, రెండోదే అసలు జబ్బన్న ధోరణి చాలాకాలం నడిచింది. కారణం చెప్పగలిగిన రోగికీ చెప్పలేని రోగికీ లక్షణాల్లో గానీ, మందుకి స్పందించడంలో గానీ నమ్మదగినంత తేడా కనబడకపోవడంతో 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన వర్గీకరణలోంచి ఆ గీత చెరిపేసింది. మన కార్మిక బీమా సంస్థ ఈఎస్‌ఐ మాత్రం ఆ పాత గీత దగ్గరే ఆగిపోయింది. దీర్ఘకాలిక జబ్బులున్న కార్మికులకి రోజువారీ వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇచ్చే ప్రయోజనం ఒకటుంది. 34 జబ్బులున్న ఆ పట్టికలో స్కిజోఫ్రీనియా లాంటి వాటితో పాటు కుంగుబాటు కూడా ఉంది, అయితే అది లోపలినుంచి పుట్టిందై ఉండాలి. మొగుడు పోయాక కుంగిపోయిన కార్మికురాలు, పేలుడు తర్వాత కుంగిపోయిన ఆపరేటర్ ఆ మాటకి ఎలా సరిపోతారు? టీ కొట్టు దగ్గర వినబడే మాట కాగితం మీదికెక్కితే ఇలా ఉంటుంది. దాని ధర కార్మికుడి సెలవు, కార్మికుడి జీతం.

“సమస్య తీరకుండా వైద్యం పనిచెయ్యదు” అన్న మాటను ఊహతో కాక అనుభవంతో పరీక్షించినవాళ్లున్నారు. చిలీ రాజధాని శాంటియాగోలోని పేదవాడల్లో కుంగుబాటున్న ఆడవాళ్ల మీద రికార్డో అరాయా బృందం చేసిన ప్రయోగం 2003లో వెలువడింది. డాక్టర్లు కాని కార్యకర్తలు గుంపులుగా కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పి, సమస్యల్ని ఎలా ఎదుర్కోవాలో నేర్పారు. తీవ్రంగా ఉన్నవాళ్లకి మందులిచ్చారు. ఆరు నెలలకి ఈ వైద్యం అందినవాళ్లలో 70 శాతం కోలుకున్నారు. మామూలు వైద్యానికి వదిలేసినవాళ్లలో కోలుకున్నది 30 శాతమే. ఆ ఆరు నెలల్లో వాళ్ల వాడ పేదరికం తీరిపోలేదు.

మన దేశంలో గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన ప్రయోగం 2017లో వచ్చింది. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకి శిక్షణ ఇచ్చారు. వాళ్లు తీవ్రమైన కుంగుబాటున్న రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. ఆ మాటలు ఉపదేశాలు కావు. రోజు ఎలా గడుస్తోందో రాసుకోవడం, మనసుకి కాస్త ఊరటనిచ్చే పనులు ఏవి మానేశారో గుర్తించడం, వాటిలో ఒకదాన్ని చిన్నగా, వేళ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టడం, తోడుగా ఒకరిని కలుపుకోవడం, చేతిలో ఉన్న సమస్యను ముక్కలు చేసి మొదటి ముక్క పట్టుకోవడం. మంచం మీద ఉన్న మనిషికి బుద్ధి పుట్టాక పని కాదు, చిన్న పని మొదలుపెడితే బుద్ధి పుడుతుంది అన్న సూత్రం మీద నడిచే వైద్యం ఇది. మూడు నెలలకి ఈ వైద్యం అందినవాళ్లలో 64 శాతం జబ్బు నుంచి బయటపడ్డారు, అందనివాళ్లలో 39 శాతం. పొరుగింటి పెద్దావిడ “ఊరుకో అమ్మా, ధైర్యంగా ఉండు” అనడానికీ దీనికీ పోలిక లేదు. ధైర్యం తెచ్చుకోమని చెప్పడం సులువు, అది ఎలా తెచ్చుకోవాలో నేర్పడం ఒక విద్య.

అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగారు. జబ్బు ఉండొచ్చనిపించినవాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ చూశాడు. ఏం చెయ్యాలో ఆయనకి కూడా ఆ ట్యాబే దారి చూపింది. ఊళ్లో నాటకాలు వేసి, వీడియోలు చూపించి సిగ్గు పోగొట్టే ప్రయత్నం చేశారు. అంతకుముందు అవసరమున్నవాళ్లలో 0.8 శాతం మంది మాత్రమే వైద్యానికి వెళ్లేవాళ్లు, తర్వాత అది 12.6 శాతానికి పెరిగింది. 2017లో ప్రచురించిన ఆ ఫలితాల్లో వాళ్ల కుంగుబాటు, ఆందోళన తీవ్రత బాగా తగ్గినట్టు కూడా తేలింది. అడవి పల్లెల్లో ఆశా కార్యకర్త చెయ్యగలిగిన పని, బస్సులూ బ్యాంకులూ ఉన్న అచ్యుతాపురంలో చెయ్యలేమనడానికి ఏ సాకూ లేదు.

మందుల గురించి భయం పెట్టేవాళ్లకి కూడా జవాబు చెప్పాలి. “ఒకసారి మొదలెడితే జీవితాంతం మింగాలి, మత్తుకి అలవాటుపడతారు” అని అంటారు. ఇందులో రెండు రకాల మందులు కలిసిపోయాయి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్ లాంటివి కుంగుబాటుకీ, ఆందోళనకీ ఇచ్చేవి. అవి మత్తు కావు. పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు, కొందరికి దాంపత్యంలో ఇబ్బంది రావచ్చు, అది డాక్టర్‌కి చెప్పుకోవాలి. కుర్రవాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. నయమయ్యాక ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించి ఆపాలి. నాలుగు రోజులకే “తగ్గలేదు” అనో, నెలకే “తగ్గిపోయింది” అనో ఆపేస్తే మందుది తప్పు కాదు. ఇవి ఇప్పుడు ఖరీదైనవీ కావు. తేలికపాటి కుంగుబాటుకైతే మందు కంటే ముందు గోవాలో చేసినలాంటి మాటల వైద్యమే సరిపోవచ్చు.

నిజంగా అలవాటు చేసేవి వేరే ఉన్నాయి. అవి అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు వాటికి కట్టుబడిపోతుంది. చీటీ లేకుండా అల్‌ప్రజోలామ్ అమ్మకూడదని, అమ్మిన ప్రతిదాన్నీ వేరే రిజిస్టర్లో రాయాలని నిబంధన ఉంది. మనోవైద్యుడి దగ్గరికి వెళ్లడం నామోషీ అనుకునే మనిషి మందుల షాపులో “నిద్రకేదైనా ఇవ్వన్నా” అని అడిగి తెచ్చుకునేది ఇదే. మందులంటే భయపెట్టిన పెద్దలు అతన్ని అలవాటు చెయ్యని మందు నుంచి తప్పించి అలవాటు చేసే మందు చేతిలో పెట్టారు. అదీ దొరకనివాళ్లకి మందు షాపు బదులు బ్రాందీ షాపు ఉంది. డ్యూటీ దిగి తాగితే కాని కన్ను మూతపడని మగవాళ్లలో ఎంతమంది అసలు జబ్బు తాగుడు కాదో ఎవరూ ఆరా తీయరు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం కార్మిక నాయకులది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. “దీన్ని మీరు జబ్బు అన్నారంటే యాజమాన్యం చేతికి ఆయుధం ఇచ్చినట్టే. గ్యాస్ లీకైనప్పుడు ఏం లేదు, భయపడి పడిపోయారంటారు. టార్గెట్లు తగ్గించమంటే కౌన్సిలర్‌ని పెడతామంటారు. తప్పు వాళ్ల మీద నుంచి మనిషి మెదడు మీదికి పోతుంది” అని వాళ్లంటారు. ఈ భయానికి ఆధారం ఉంది. కుట్టుపని షెడ్డుల్లో ఆడపిల్లలు మూకుమ్మడిగా పడిపోయినప్పుడు దాన్ని ఆడవాళ్ల బెదురుగా కొట్టిపారేసే అలవాటు లోకంలో ఉంది. వాయువు పీల్చిన మనిషికి ముందు ఊపిరితిత్తుల పరీక్ష, రక్తపరీక్ష, గాలి నమూనా పరీక్ష జరగాలి. అవి పూర్తికాకుండా “మానసికం” అనే మాట ఎవరు అన్నా ఎదిరించాలి. నేనూ ఎదిరిస్తాను.

ఆ భయం నుంచి “కాబట్టి జబ్బు అనొద్దు” అన్న ముగింపు రాదు. కార్మికోద్యమ చరిత్ర దీనికి సరిగ్గా వ్యతిరేకం చెబుతోంది. క్వారీ కార్మికుడి దగ్గును పొగాకు దగ్గని కొట్టిపారేసినంత కాలం యజమాని క్షేమంగా ఉన్నాడు. దానికి సిలికోసిస్ అని పేరు పెట్టి, ఎక్స్‌రేలో చూపించి, పనివల్ల వచ్చిన జబ్బుల పట్టికలో చేర్చినప్పుడే పరిహారం వచ్చింది. పేరు లేని బాధకు ఎవరూ బాధ్యులు కారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో, ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక రుగ్మతను పేరుపెట్టి చేర్చింది. మన 1923 నాటి నష్టపరిహార చట్టంలోని వృత్తి వ్యాధుల షెడ్యూల్‌లో సీసం ఉండేది, బెంజీన్ ఉండేది, మనసు ఉండేది కాదు. పేలుడు నుంచి ఒంటి మీద గీత పడకుండా బయటపడి, ఆ తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గరికి కూడా వెళ్లలేకపోయిన కార్మికుడికి పరిహారం అడగాలంటే ముందు అతనికి ఉన్నది జబ్బేనని ఒప్పుకోవాలి. యూనియన్లు చెయ్యవలసిన పోరాటం ఇది. “జబ్బు కాదు” అంటూ ఆ పోరాటాన్ని వాళ్లే వదులుకుంటున్నారు.

భోపాల్ మనకి పాఠం కావాలి. 1984 డిసెంబర్ దుర్ఘటన తర్వాత ఊపిరి గురించి, కళ్ల గురించి మాట్లాడిన దేశం మనసు గురించి ఆలస్యంగా మేల్కొంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కి చెందిన ఆర్. శ్రీనివాసమూర్తి లాంటివాళ్లు అక్కడి మామూలు డాక్టర్లకి శిక్షణ ఇచ్చి, బాధితుల్లో మానసిక రుగ్మతల్ని గుర్తించేలా తయారుచేశారు. విషవాయువుకి కారణం యూనియన్ కార్బైడ్ అని అందరికీ తెలుసు. కారణం తెలుసు కాబట్టి వైద్యం వద్దని ఆ డాక్టర్లు అనుకోలేదు. వైద్యం చేశారు కాబట్టి కార్బైడ్ తప్పు మాసిపోనూ లేదు.

పేదవాళ్లకి ఇవి రావని, వచ్చినా కాయకష్టంలో కలిసిపోతాయని ఇంకా నమ్మేవాళ్లుంటే వాళ్లు ఒక అంకె చూడాలి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 26.4 శాతం మంది రోజు కూలీలు. 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కుంగుబాటు, ఆందోళన లాంటి సాధారణ రుగ్మతలున్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

విశాఖ నేల మీద మానసిక వైద్యం కొత్తగా వచ్చింది కాదు. వాల్తేరులో మానసిక చికిత్సాలయం 1871లో వెలిసింది. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా జనం నోట అది పిచ్చాసుపత్రే. పిచ్చి ముదిరితే వాల్తేరు, లేకపోతే ఊరుకోవడం. ఈ రెంటి మధ్య ఏమీ లేకపోవడమే అసలు లోపం. 1996లో నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మన మెదక్ ఒకటి. ఆ కార్యక్రమం ఉద్దేశమే వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడల్లోంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తేవడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కుగా రాసింది, శరీర రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలంది, ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలంది. విశాఖలో కోచింగ్‌కి వచ్చి చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. న్యాయస్థానానికి అర్థమైనది మన రచ్చబండకి అర్థం కావాలి.

ఇప్పుడు అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ ప్రాంతాల్లోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఆ తొమ్మిది ప్రశ్నలు అడిగే డాక్టర్ ఉండాలి, కుంగుబాటు మందులు నిల్వ ఉండాలి. ఆశా కార్యకర్తలకి పశ్చిమ గోదావరిలో ఇచ్చినలాంటి శిక్షణ, దానికి తగిన వేతనం ఇవ్వాలి. ప్రమాదం జరిగిన ప్రతిచోటా బతికి బయటపడ్డవాళ్లనీ, శవాలు మోసినవాళ్లనీ నెలకోసారి పలకరించే ఏర్పాటు కావాలి. చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు, కోలుకోనివాళ్లని వెతికి పట్టుకోవాలి. ఈఎస్‌ఐ పట్టికలోని ఆ పాత గీత చెరిపేయాలి. వృత్తి వ్యాధుల పట్టికలో మనసుకి చోటు కల్పించాలి. ఈ డిమాండ్లు టార్గెట్లు తగ్గించడం, వాయువు లీక్ కాకుండా చూడటం, భూమి పోయినవాళ్లకి ఉద్యోగం అనే డిమాండ్ల పక్కనే అదే కరపత్రంలో అచ్చవ్వాలి.

ఇంట్లో చెయ్యవలసింది అంతకంటే తొందర పని. రెండు వారాలుగా తిండీ నిద్రా లేని మనిషిని ఎందుకని కాదు, ఎన్నాళ్లనుంచని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చావు మాట నోట వచ్చినవాణ్ణి ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అతని అప్పు అలాగే ఉండొచ్చు, ఆమె మొగుడు అలాగే తాగుతుండొచ్చు, ఫ్యాక్టరీ అలాగే పొగ వదులుతుండొచ్చు. నిద్ర పట్టి, ఆకలి పుట్టి, బుర్ర పనిచేస్తున్న మనిషి అప్పిచ్చినవాడితో మాట్లాడగలడు, మొగుణ్ణి నిలదియ్యగలడు, గేటు ముందు ధర్నాలో కూర్చోగలడు. మంచం పట్టిన మనిషి ఇవేవీ చెయ్యలేడు. కారణాలతో పోరాడాలని నిజంగా కోరుకునేవాళ్లు ముందు ఆ పోరాడే మనిషికి వైద్యం చేయించాలి.